పారిస్‌లో దాచుకున్న రోజు

డీలియా బారెట్ ఊళ్ళో కొట్లో నిలబడి నలుగురూ వినేలా అన్నదట: "అన్న పోయి ఇంట్లో పడుంటే తమ్ముడు పారిస్‌లో బొమ్మలు చూస్తున్నాడు. రేపు తెడ్డు పట్టడానికి ఆ బొమ్మల్నే పిలిపించండి."

డీలియా అన్న మాట కొట్టు నడిపే ఆవిడ విన్నది. ఆవిడ చెప్పగా ఫింటన్ విన్నాడు. ఆవులకు దాణా బస్తా తెద్దామని వెళ్ళిన మనిషి, బస్తా అక్కడే వదిలేసి, కారులో కూర్చుని పారిస్‌లో ఉన్న భార్యకు ఫోన్ చేశాడు.

ఇమెల్డా హోటల్ మెట్ల మీద నిలబడి ఆ మాటలన్నీ విన్నది. కింద భోజనాల గదిలో అమ్మా నాన్నా టిఫిన్ దగ్గర కూర్చుని ఉన్నారు. అన్న పోయిన సంగతి నాన్నకు ఇంకా తెలియదు.

"ఆవిడ అన్నదాంట్లో సగం నేను మింగేశాను," అన్నాడు ఫింటన్. "ఆవిడ నోటికి అడ్డేముంది. అసలు సంగతి అది కాదు. సమాధి గురువారం కాదంట. రేపేనంట."

"రేపెట్లా పెడతారు? ఇవాళ రాత్రి శవం దగ్గర జాగారం. రేపు సాయంత్రం చర్చికి. ఎల్లుండి సమాధి. మన దగ్గర ఎప్పుడూ అంతేగా."

"ఊళ్ళో పెడితే అంతే. పెదనాన్న ద్వీపంలో పెట్టమన్నాడు, మీ తాత పక్కన. రేపు రాత్రి నుంచి పెద్దగాలి ఉందని రేడియోలో పొద్దుటినుంచీ మోగుతోంది. వారం దాకా పడవ దిగదు. రేపు పొద్దున సముద్రం పోటుకి తీసుకెళ్ళాల్సిందే."

ఇమెల్డా మెట్టు మీద కూర్చుంది.

"ఇంకొకటి చెప్పాలి," అన్నాడు ఫింటన్.

"చెప్పు మరి."

"పోయే ముందు ఫిలోమినా పెద్దమ్మ చెయ్యి పట్టుకుని అన్నాడంట. 'అమ్మని అక్కడికి చేర్చలేకపోయాను. నన్నయినా మాలకీ చేరుస్తాడు. పడవ వెనక తెడ్డు వాడికివ్వండి' అని. పెద్దమ్మ నన్ను గదిలోకి పిలిచి మరీ చెప్పింది. మామయ్యకి మీరు చెప్పేసుంటారనుకుని, వస్తున్నారు అనేశాను."

"అనేశావా?"

"ఏమనమంటావు? చచ్చిపోయిన మనిషి పక్కనే కూర్చుని అడుగుతోంది ఆవిడ. సాయంత్రం విమానం ఎక్కండి. డబ్లిన్‌కి కారు వేసుకుని నేనొస్తా. తెల్లారేసరికి ఇంట్లో దింపుతా. మీ టిక్కెట్టు ఉన్న రేపటి విమానమే ఎక్కారంటే, ద్వీపం నుంచి ఖాళీ పడవ తిరిగొచ్చాక దిగుతారు మీరు."

*

మాలకీ గాహన్‌కు ఉన్నది ఒక్కటే కోటు. పెళ్ళికీ అదే, చావుకీ అదే, పారిస్‌కీ అదే. దాన్ని తొడుక్కుని, మెడకు టై బిగించి, ఇంటి నుంచి తెచ్చుకున్న టీ పొట్లాన్ని కప్పులో ముంచి పైకీ కిందకీ ఆడిస్తున్నాడు.

"ఈ నీళ్ళతో దూడ మూతి కడగొచ్చు," అన్నాడు. "టీ మాత్రం దిగదు."

"కాఫీ తాగు మరి. ఈ ఊరికొచ్చి టీ ఏమిటి?" అన్నది సబీనా. ఆమె ముందు వేళ్ళకు నెయ్యిలా అంటుకునే నెలవంక రొట్టె సగం తిని ఉన్నది. తెల్లటి పైట లాంటి కండువా ఒకటి మెడకు చుట్టుకున్నది. ఊళ్ళో ఆమెను ఆ కండువాలో చూసిన వాళ్ళెవరూ లేరు.

ఇమెల్డా వచ్చి కుర్చీ లాక్కున్నది. సబీనా ఆమె ముఖం చూసి రొట్టె కింద పెట్టింది.

"ఎవరే ఫోన్లో?" అన్నాడు మాలకీ.

"ఫింటన్, నాన్నా."

"తెల్లమచ్చది ఈనిందా?"

"ఇంకా లేదంట."

"పొదుగు చూశాడా? వాడికి చూడటం రాదు. గట్టిపడిందో లేదో చేత్తో పట్టి చూడాలి. నా ఫోనియ్యి సబీనా, నేనే అడుగుతా."

పారిస్‌లో జేబులు కొట్టేస్తారని ఎవరో చెప్పగా విని, వచ్చిన రోజే అతను ఫోను భార్య సంచిలో పడేశాడు. సబీనా సంచి మీద చెయ్యి వేసింది, తెరవలేదు.

"ఛార్జి లేదు దానికి."

"రాత్రి పెట్టలేదా?"

"మర్చిపోయా."

మాలకీ ఆమెను ఒక క్షణం చూశాడు. సబీనా గాహన్ దేన్నీ మర్చిపోయే మనిషి కాదు. కానీ సెలవులో ఉన్న ఆడమనిషి మర్చిపోవచ్చునులే అనుకున్నట్టు లేచాడు. బయట గాలి పీల్చుకొస్తానని వెళ్ళాడు.

కిటికీలోంచి అతను కనిపిస్తూనే ఉన్నాడు. వీధి పక్క కాలవ వెంట, రోడ్లు కడగడానికి తెల్లారి వదిలే నీళ్ళు జలజలా పారుతున్నాయి. ఎవరో కుళాయి కట్టకుండా పోయారనుకుని అతను ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో వంగి వెతుకుతున్నాడు.

"ఏమంట?" అన్నది సబీనా.

ఇమెల్డా చెప్పింది. డీలియా మాట వదిలేసి మిగతాదంతా చెప్పింది.

సబీనా కప్పు పట్టుకుంది. తాగలేదు. "గాలి ఉందా?" అన్నది.

"రేపు రాత్రి నుంచీనంట."

"నాకు తట్టనే లేదు." సబీనా గొంతు తనలో తను మాట్లాడుకుంటున్నట్టుంది. "పుట్టి బుద్ధెరిగిన్నాటి నుంచీ సముద్రం కబురు వినకుండా పొద్దున టీ తాగలేదు నేను. ఏ దిక్కు గాలి, ఎంత అల అని. ఇక్కడికొచ్చాక ఒక్క పూటా వినలేదు. రాత్రి నువ్వు చెప్పినప్పుడు రోజులు లెక్కేశాను. ఈ రాత్రి జాగారం, రేపు చర్చి, ఎల్లుండి సమాధి. రేపు మధ్యాహ్నానికి మనం ఇంట్లో ఉంటాం కదా అనుకున్నా. గాలిని లెక్కలో వెయ్యలేదు."

"ద్వీపంలో పెట్టమంటాడని నువ్వేం కలగన్నావా?"

"కలగనక్కర్లేదు. అడగాల్సింది. మన తీరంలో మనిషి పోయాడంటే మొదట అడగాల్సింది అదే."

"సరే, అయిందేదో అయింది. నాన్నకి ఇప్పుడే చెప్పు."

"చెబుతా."

"ఇప్పుడు, అమ్మా."

"విమానం ఎప్పుడు?"

"సాయంత్రం."

"పడవకి టిక్కెట్లు తీసుకున్నాం. గంటసేపే. దిగాక చెబుతా."

ఇమెల్డా తల్లి వంక చూసింది. "పడవా? ఇప్పుడు పడవ ఎక్కుతావా నువ్వు?"

"మెల్లిగా మాట్లాడు. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. వాళ్ళకి మన మాట అర్థమైతేగా. రాత్రి నువ్వు బతిమాలితే సరే అన్నాను. ఒక్కరోజేగా, పోయిన మనిషి ఎక్కడికీ పోడుగా అన్నావు. ఇప్పుడు పోతున్నాడుగా. నాన్న లేకుండానే పోతున్నాడు."

"గంటసేపు, ఇమెల్డా." సబీనా గొంతు పెంచలేదు. "పెళ్ళయిన ఏడాది రావాల్సిన ఊరు ఇది. పెట్టె సర్దుకున్నాక మీ నాయనమ్మ మెట్ల మీద పడింది. తర్వాత పదకొండేళ్ళు మంచం దిగలేదు. ఆవిడ పోయాక మళ్ళీ సర్దాను. ఆవులకి జబ్బు తగిలి దొడ్డికి తాళం వేశారు. ఆ తర్వాత మీ నాన్న గుండె. సిస్టర్ బెనెడిక్ట్ బళ్ళో మాకు సీన్ నది వంతెనల పేర్లు జపమాలలా వల్లెవేయించేది. ఫ్రెంచి అంతా మర్చిపోయా. ఆ పేర్లు మాత్రం మర్చిపోలేదు. ఆవు పాలు తీస్తూ అనుకునేదాన్ని. మీ నాయనమ్మ పక్కగుడ్డలు ఉతుకుతూ అనుకునేదాన్ని. ఒక్కసారి వాటి కిందుగా పోనీ. దిగి చెప్పేస్తా. నా నోటితోనే చెబుతా."

ఇమెల్డా ఫోను తీసి సాయంత్రం విమానంలో ఖాళీలు వెతకసాగింది.

*

పడవ తాపీగా కదిలింది. దానికి ఊపు లేదు, కుదుపు లేదు. గాజు కప్పు కింద వరసలు వరసలుగా కుర్చీలు. మాలకీ ఒడ్డు వైపు కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. పడవలో ఊరికే కూర్చోవడం అతనికి చేతకాదు.

"ఆల్మా," అన్నది సబీనా మెల్లిగా.

"ఏమిటది?"

"ఈ వంతెన పేరు."

"దానికి ముందు ఒకటి దాటాంగా, మనుషులు నడిచే వంతెన."

"అది సిస్టర్ చెప్పలేదు."

"కొత్తగా కట్టుంటారు."

"అయ్యుండచ్చు. ఇది అన్వాలీద్. ఇక అలెగ్జాండర్ వస్తుంది చూడు, బంగారు గుర్రాలుంటాయి."

బంగారు గుర్రాలు వచ్చాయి. ముందు వరసలో పిల్లలు వంతెన కిందకు రాగానే గొంతెత్తి కూశారు. ఆ కూత రాళ్ళకు తగిలి తిరిగొచ్చింది. మాలకీ నవ్వాడు. సబీనా నవ్వలేదు. ఆమె ఆ గుర్రాలను మెడ తిప్పి వెనక్కి పోయేదాకా చూసింది.

"నీకు నచ్చిందా?" అన్నాడు మాలకీ.

"ఊఁ."

"ఊఁ ఏమిటే? ఇంతకాలం నా ప్రాణం తోడి తెచ్చావుగా. నచ్చిందని చెప్పు."

"నచ్చింది."

ఇమెల్డా వెనక వరసలో ఫోను ఒళ్ళో పెట్టుకుని తల్లి మెడ వంక చూస్తూ కూర్చుంది.

"ఫెస్టీ చూస్తే నవ్వేవాడు," అన్నాడు మాలకీ.

సబీనా చెయ్యి కండువా మీద ఆగింది. పంతొమ్మిదేళ్ళలో అతని నోట అన్న పేరు రావడం అదే మొదటిసారి. తల్లి పోయినప్పుడు సముద్రం బాగాలేదు. రెండు రోజులు ఆగుదాం, ద్వీపంలో నాన్న పక్కన పెడదాం అని మాలకీ అన్నాడు. ఆగలేమని ఫెస్టీ ఊళ్ళోనే పెట్టించాడు. ఆ గోతి దగ్గరే ఆగిపోయాయి ఇద్దరి మధ్యా మాటలు. చర్చిలో ఒకరు ఎడమ వైపు, ఒకరు కుడి వైపు. ఒకే గట్టు మీద ఎదురుపడితే ఇద్దరూ సముద్రాన్ని చూసేవాళ్ళు.

"ఎందుకు నవ్వుతాడు?" అన్నది సబీనా, ఎలాగో.

"అల లేని నీళ్ళ మీద ఇంత పడవ ఏంటని. ఈ డ్రైవరు చూడు, మునివేళ్ళతో తిప్పుతున్నాడు. వీణ్ణి మన ద్వీపం రాళ్ళ మధ్యకి తీసుకెళ్తే తల్లిని పిలుస్తాడు." కాస్త ఆగి, "రాత్రంతా వాడే గుర్తొచ్చాడు. ఎందుకో తెలీదు. ఇంటికెళ్ళాక ఒకసారి వెళ్తా వాడి దగ్గరికి."

"వెళ్ళి ఏమంటావు?"

"ఏముంది అనడానికి. గాలి ఎట్లా ఉందని అడుగుతా. వాడు చెబుతాడు. కుర్చీ చూపిస్తే కూర్చుంటా. లేకపోతే నిలబడే వస్తా."

కాంకోర్డ్ వంతెన వచ్చింది. సబీనా పేరు చెప్పలేదు. ఆ తర్వాతదీ దాటింది. చెప్పలేదు.

"ఏమే, జపం ఆపేశావు?"

"మాలకీ." ఆమె అతని వైపు తిరిగింది. "ఫెస్టీ పోయాడు."

అతనికి అందలేదు. "ఎక్కడికి?"

"చనిపోయాడు. నిన్న సాయంత్రం. కొట్టం దగ్గర గుండె పట్టుకుని పడిపోయాడంట. మంచం మీదకి తెచ్చాక కాసేపు మాట్లాడాడంట."

మైకులో ఎవరో ఆడగొంతు నాలుగు భాషల్లో ఏదో చెబుతోంది. మాలకీ అది పూర్తయ్యేదాకా ఆగాడు, తనకే చెబుతున్నట్టు. తర్వాత చేతులు మోకాళ్ళ మీంచి తీసి కోటు జేబుల్లో పెట్టుకున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"రాత్రి."

"రాత్రి ఎప్పుడు?"

"హోటల్లో. నువ్వు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఫింటన్ చేశాడు."

"నేనొచ్చాక నత్తలు తెచ్చారు."

"ఊఁ."

"నేను ఒకటి నోట్లో పెట్టుకుని, మన రాళ్ళ మీద నత్తలకి ఇంత వెల్లుల్లి రాసేవాళ్ళెవరున్నారు అన్నాను. నువ్వు నవ్వావు."

సబీనా ఒళ్ళో సంచి సర్దుకుంది.

"తెలిసే నవ్వావా, సబీనా?"

"తెలిసే నవ్వాను."

అతను ముఖం గాజు వైపు తిప్పుకున్నాడు. అటు ఒడ్డు మీద పుస్తకాల పెట్టెలు తెరుస్తున్నారు. ఒక ముసలాయన కుక్కను నీళ్ళ దగ్గరికి రానీకుండా తాడు లాగుతున్నాడు. ఇమెల్డా లేచి వచ్చి తండ్రి పక్కన నడవాలో మోకాళ్ళ మీద కూర్చుంది.

"నాన్నా, పెదనాన్న ద్వీపంలో పెట్టమన్నాడంట. రేపు పొద్దున పోటుకి తీసుకెళ్తున్నారు. గాలి వస్తోందని."

"రేపా?"

"అమ్మ ఎల్లుండి అనుకుంది. నేనూ అదే అనుకున్నా. అందుకే..."

"ఇంకేమన్నాడు వాడు?"

ఇమెల్డా తల్లి వంక చూసింది. సబీనా తల ఊపింది.

"అమ్మని చేర్చలేకపోయాను, నన్నయినా మాలకీ చేరుస్తాడు అన్నాడంట. వెనక తెడ్డు నీకివ్వమన్నాడంట."

పడవ ఇంకో వంతెన కిందకు పోయింది. చీకటి పడి, మళ్ళీ వెలుగొచ్చింది. పిల్లలు కూశారు. మాలకీ జేబుల్లో చేతులు అలాగే ఉన్నాయి. అతని దవడ ఒక్కటే కదులుతోంది, ఏదో గట్టి రొట్టె నములుతున్నట్టు.

"అప్పుడు వాడు ఆగలేదు," అన్నాడు చివరికి. "ఆగితే పురుగు పడుతుందా అన్నాను గోతి దగ్గర. అందరి ముందూ అన్నాను. ఇప్పుడు నన్ను అడుగుతున్నాడు."

"నాన్నా, సాయంత్రం విమానం ఉంది. ఫింటన్ డబ్లిన్‌కి వస్తానన్నాడు."

"ఇవాళ పొద్దున లేదా విమానం?"

ఇమెల్డా చేతిలో ఫోను వంక చూసింది.

"పొద్దున ఉందా లేదా?"

"ఉంది," అన్నది సబీనా. "తెల్లవారుజామున ఉంది. రాత్రే నీకు చెబితే ఈపాటికి వాడి పక్కన కూర్చునుండేవాడివి. ఇవాళ్టి జాగారం నీకు దక్కేది. అది నేను తీసేశాను."

*

రేవు దగ్గర జనం దిగుతున్నారు. మాలకీ అందరికన్నా ముందు దిగి, మెట్లెక్కకుండా, తాళ్ళు కట్టే ఇనప గుంజ దగ్గర నిలబడ్డాడు. ఆ నల్లకోటులో, ఆ టైలో, తెల్ల టోపీలూ పొట్టి లాగులూ వేసుకున్న జనం మధ్య అతనొక్కడే ఏదో చావుకి వచ్చినవాడిలా ఉన్నాడు.

ఇమెల్డా ఫోను చూపించింది. "మూడు సీట్లున్నాయి నాన్నా. తీసుకోనా?"

"ఒకటి చాలు."

"అదేంటి?"

"మీరు ఊరు చూడటానికి వచ్చారుగా. చూసి రండి."

"నేనూ వస్తా," అన్నది సబీనా.

"ఎందుకు? ఆ ఎత్తయిన ఇనప గోపురం ఎక్కలేదు ఇంకా."

"మాలకీ, మీ అమ్మకి పదకొండేళ్ళు చేశాను. పక్కగుడ్డలు మార్చాను, ఒళ్ళు కడిగాను, ఒక్కనాడు విసుక్కోలేదు. ఫెస్టీ రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి నాకు దండం పెట్టి వెళ్ళేవాడు. మీరిద్దరూ మాట మానేశాక కూడా నాతో మానలేదు. నీకు అన్నయితే నాకూ బావే. ఆయన ఇంటికి నేను రావద్దంటావా?"

"రావద్దనలేదు."

"ఇప్పుడేగా అన్నావు."

మాలకీ నీళ్ళ వంక చూశాడు. నీళ్ళు మురికిగా, పల్చగా, ఏ తొందరా లేకుండా పోతున్నాయి. "వస్తే రా. కానీ ఒకటి చెప్పు. తెల్లారి ఆ ఇంట్లో అడుగు పెడతాం. ఫిలోమినా శవం తల దగ్గర కూర్చుని ఉంటుంది. డీలియా ఉంటుంది, ఊరంతా గోడల వెంట కుర్చీల్లో ఉంటుంది. అందరికీ చెయ్యి కలుపుతూ పోవాలి. రాత్రంతా జాగారానికి ఎందుకు రాలేదని ఫిలోమినా అడుగుతుంది. మీకెప్పుడు తెలిసిందని అడుగుతుంది. అడక్కుండా ఉండదు. ఏం చెబుతావు?"

"ఇవాళే తెలిసిందని చెబుదాం," అన్నది ఇమెల్డా గబుక్కున. "ఫింటన్‌కి నేను చెబుతా. తను నోరెత్తడు. ఎవరికీ తెలియదు నాన్నా."

మాలకీ ఆమె వైపు చూడలేదు. భార్య వైపే చూస్తున్నాడు. పై మెట్ల మీంచి ఎవరో జంట ఫొటో తియ్యమని ఇమెల్డాకు సైగ చేస్తున్నారు. ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది.

సబీనా కండువా విప్పి, మడిచి, సంచిలో పెట్టింది.

"నిన్న రాత్రే తెలుసని చెబుతా," అన్నది. "పారిస్ చూద్దామని మొగుడికి చెప్పకుండా దాచానని చెబుతా. అందరూ వినేట్టే చెబుతా."